బ్రౌజర్‌లో ఇసుక రాల్చే ఆట: ఒక్క గింజ నుంచి చెరువు కట్ట దాకా

ఇసుక రాల్చే ఆటను బ్రౌజర్‌లో తెరిచిన వారిలో ఎక్కువ మంది చేసేది ఒకటే. ఇసుక, నీరు, నిప్పు వంటి పదార్థాలకు గుర్తులైన నాలుగైదు రంగులు తెరంతా పూసి, నిప్పంటించి, అంతా కాలిపోయాక పేజీ మూసేస్తారు. సరదాకు అది చాలు కానీ, ఆటలోని అసలు రుచి అక్కడ దొరకదు. ఇందులో గెలుపోటములు లేవు, పాయింట్లు లేవు, ఎక్కవలసిన మెట్లు లేవు. కనుక ఆడేవారు తమ ప్రశ్నను తామే వెంట తెచ్చుకోవాలి, ఒక్కసారి ఒక్క పదార్థాన్నే పట్టుకుని ఆ ప్రశ్నకు జవాబు వెతకాలి. చెరువు కట్ట, తూము (నీటిని బయటికి వదిలే దారి), మత్తడి (చెరువు నిండితే నీరు పొర్లిపోయే చోటు) చూస్తూ పెరిగిన నల్లగొండ, పాలమూరు వాసులకు ప్రశ్నల కొరత ఉండదు గనుక ఈ మార్గదర్శిని ఆ దారిలోనే నడిపించాను.

ముందుగా తెలుసుకోవలసినవి

ఈ ఆటల్లో తెర అంతా సన్నని గళ్లుగా విడిపోయి ఉంటుంది. ఒక్కో గడిలో ఇసుకో, నీరో, రాయో, ఖాళీయో ఉంటుంది. ప్రతి గడీ తనను ఆనుకుని ఉన్న గళ్లను మాత్రమే చూసి, తర్వాతి క్షణంలో ఏం చేయాలో తేల్చుకుంటుంది. తెర మొత్తాన్ని చూసి ఆజ్ఞలిచ్చే పెద్ద ఎవరూ ఉండరు. దీనికి గణితంలో సెల్యులార్ ఆటోమేటా అని పేరు. 1940లలో గణిత శాస్త్రజ్ఞులు స్టానిస్లా ఉలమ్, జాన్ వాన్ న్యూమన్ ఈ ఆలోచనకు పునాది వేశారు. 1970లో జాన్ కాన్వే రూపొందించిన గళ్ల ఆట గేమ్ ఆఫ్ లైఫ్‌తో అది సామాన్య పాఠకుల దాకా వచ్చింది.

ఆడడానికి ఏ కొత్త బ్రౌజర్ అయినా సరిపోతుంది. నేర్చుకోవడానికి శాండ్‌స్పీల్ అనే ఆట అనుకూలమని నా అభిప్రాయం. మ్యాక్స్ బిట్కర్ దీన్ని రస్ట్ అనే ప్రోగ్రామింగ్ భాషలో రాసి, బ్రౌజర్‌లో వేగంగా నడిచేందుకు వెబ్ అసెంబ్లీ అనే రూపంలోకి మార్చారు. తెర 300 గళ్ల వెడల్పు, 300 గళ్ల ఎత్తు. అంటే 90,000 గళ్లు. సెకనుకు 60 సార్లు తెర మారితే, సెకనులో 54 లక్షల గళ్లకు లెక్క చూడాలన్నమాట. పాత కంప్యూటర్ మీద ఇసుక నత్తనడక నడిస్తే, లోపం నెట్ వేగంలో ఉందనుకోవద్దు. పేజీ ఒకసారి తెరుచుకున్నాక ఈ లెక్కంతా మీ యంత్రమే చేస్తుంది. పదార్థాలకు వేడి, చల్లదనం కూడా ఉండాలనుకునే వారు శాండ్‌బాక్సెల్స్ అనే ఆట చూడవచ్చు కానీ, అక్కడ పదార్థాల జాబితా వందల్లో ఉంటుంది కనుక మొదటి రోజే దాని జోలికి పోకపోవడం మేలు.

ఫోన్ మీద కూడా ఆడవచ్చు. అయితే గీయవలసిన చోటును వేలు కప్పేస్తుంది కాబట్టి కట్టలు, తూములు గీయడానికి మౌస్ ఉంటే నయం. ఇంకో ట్యాబ్‌లోకి వెళ్తే ఆట సాధారణంగా అక్కడికక్కడే ఆగిపోతుంది, తిరిగి వస్తే మళ్లీ నడుస్తుంది, కొంపేమీ మునగదు.

మొదటి మెట్టు: ఆపి గీయడం, గీసి వదలడం

ఏ పదార్థాన్నీ ముట్టుకోకముందే మూడు మీటలు ఎక్కడున్నాయో చూసుకోండి: ఆటను ఆపే మీట, చివరి పనిని వెనక్కి తీసుకునే మీట, తెర మొత్తాన్ని తుడిచే మీట. తర్వాత కుంచె పరిమాణాన్ని అతి చిన్నదానికి మార్చండి. పెద్ద కుంచెతో మొదలుపెట్టిన వారికి గుంపు కనిపిస్తుంది కానీ గింజ కనిపించదు.

ఆటను ఆపి, తెర పైభాగంలో ఒక్క ఇసుక చుక్క పెట్టి, ఆట నడిపించండి. అది నేల తాకేదాకా ఫోన్‌లోని స్టాప్‌వాచ్‌తో సమయం చూడండి. తర్వాత సగం ఎత్తు నుంచి వదిలి చూడండి. సరళమైన నియమాలున్న ఆటల్లో గింజ ప్రతి క్షణానికీ ఒక్క గడి మాత్రమే దిగుతుంది కనుక, ఎత్తు సగమైతే సమయమూ సరిగ్గా సగమవుతుంది. నిజమైన ప్రపంచంలో అలా జరగదు. నాగార్జునసాగర్ 26 గేట్లు ఎత్తినప్పుడు దూకే నీరు కిందికి వచ్చేకొద్దీ వేగం పుంజుకుంటుంది. గాలి అడ్డును పక్కన పెడితే, నాలుగు రెట్లు ఎత్తు నుంచి పడే వస్తువుకు పట్టే సమయం రెండు రెట్లే. మీరు ఎంచుకున్న ఆట భూమ్యాకర్షణ త్వరణాన్ని లెక్కలోకి తీసుకుంటోందా లేదా అన్నది ఈ ఒక్క పరీక్షతో తేలిపోతుంది.

రెండవ మెట్టు: చింతగింజలతో అదే లెక్క

ఈ మెట్టు దాటేసి పోదామనిపిస్తుంది. దాటవద్దు. ఆటలో కనబడేదంతా ఎందుకు అలా ఉందో తెలిసేది ఇక్కడే, పైగా దీనికి కరెంటు కూడా అక్కర్లేదు.

షాబాద్ బండల నేల మీద సుద్దముక్కతో అడ్డంగా తొమ్మిది, నిలువుగా ఎనిమిది గళ్లు గీయండి. గుప్పెడు చింతగింజలు, ఒక రూపాయి బిళ్ల దగ్గర పెట్టుకోండి. నియమం ఇది. కింది గడి ఖాళీగా ఉంటే గింజ అందులోకి దిగుతుంది. ఖాళీ లేకపోతే బిళ్ల ఎగరేయాలి: బొమ్మ పడితే ఎడమవైపు కింది మూల గడిని, బొరుసు పడితే కుడివైపు కింది మూల గడిని చూడాలి. అది ఖాళీ అయితే గింజ అందులోకి జారుతుంది, కాకపోతే ఈ వంతుకు అక్కడే ఆగి, తర్వాతి వంతులో మళ్లీ బిళ్ల ఎగరేస్తుంది. రెండు మూలలూ నిండి ఉంటే అది నిలిచిపోయినట్టే.

మొదటి గింజను నడిమి నిలువు వరుసలో పైనుంచి వదిలితే నేరుగా అడుగుకు చేరుతుంది. రెండవది దాని నెత్తిన వచ్చి ఆగుతుంది. బిళ్ల ఎగరేస్తే బొమ్మ పడిందనుకోండి. గింజ ఎడమకు జారి మొదటిదాని పక్కన కూర్చుంటుంది. మూడవదానికీ బొమ్మే పడితే ఎడమ మూల నిండి ఉంది కాబట్టి అది కదలదు. తర్వాతి వంతులో బొరుసు పడ్డాక కుడికి దిగుతుంది. నాలుగవదానికి రెండు వైపులా దారి మూసుకుపోయింది కనుక అది పైనే నిలుస్తుంది. అడుగున మూడు, పైన ఒకటి: మొదటి కుప్ప పూర్తయింది. ఇలాగే ఒక్కొక్కటిగా వదులుతూ పోతే తొమ్మిదవ గింజతో అయిదు, మూడు, ఒకటిగా, పదహారవ గింజతో ఏడు, అయిదు, మూడు, ఒకటిగా కుప్ప పూర్తవుతుంది. 1, 4, 9, 16 అన్నీ వర్గ సంఖ్యలే. బిళ్ల ఎలా పడినా ఈ సంఖ్యల దగ్గర కుప్ప ఆకారం మారదు. గింజ ఏ పక్కన ముందు నిండుతుందన్నదే మారుతుంది. బడి పిల్లలతో చేయిస్తే వర్గ సంఖ్యల పాఠం కూడా ఇందులోనే జరిగిపోతుంది.

ఇప్పుడు ఒకే వరుసలో రెండు గింజలను ఒకదాని కింద ఒకటి గాలిలో ఉంచి, రెండింటినీ ఒకే వంతులో కదపాలనుకోండి. పైదాన్ని ముందు చూస్తే, దాని కింద రెండవ గింజ అడ్డు ఉంది కాబట్టి అది అనవసరంగా పక్కకు జారుతుంది. కిందిదాన్ని ముందు దించితే రెండూ నిలువుగా, పద్ధతిగా దిగుతాయి. పైవరుస నుంచి చూసుకుంటూ వస్తే ఇంకో చిక్కు కూడా ఉంది: ఒక గడి దిగిన గింజ కింది వరుసలో మళ్లీ మన కంటబడి, ఇంకో గడి దిగి, అలా ఒక్క వంతులోనే నేల తాకుతుంది. అందుకే ఈ ఆటలు రాసేవారు చాలామంది అడుగు వరుస నుంచి పైకి లెక్క చూస్తారు, లేదా ఈ వంతులో ఇప్పటికే కదిలిన గింజకు గుర్తు పెట్టి దాన్ని వదిలేస్తారు.

మూడవ మెట్టు: కుప్ప వాలు

మళ్లీ తెర దగ్గరికి రండి. ఒకే చోట ఇసుక పోస్తూ పోయి, కుప్ప వాలు ఎంతుందో తెరకు కోణమానిని ఆనించి చూడండి. గింజ పక్కకు ఒక గడి, కిందికి ఒక గడి జారే నియమం ఉన్నంతవరకు అది 45 డిగ్రీలే వస్తుంది. ఇల్లు కట్టేచోట లారీ దింపిపోయిన పొడి ఇసుక కుప్పను చూస్తే వాలు అంత నిటారుగా ఉండదు. 30 నుంచి 35 డిగ్రీల మధ్య ఉంటుంది. తడిసిన ఇసుక మాత్రం నీటి పొర గింజలను పట్టి ఉంచడం వల్ల ఇంకా నిటారుగా నిలబడుతుంది.

ఆటలోని 45 డిగ్రీలు ఇసుక గుణం కాదు, గళ్ల గుణం. పక్కకు రెండు గళ్లు, కిందికి ఒక గడి దూరంలో ఖాళీ ఉన్నా గింజ జారాలని నియమం మార్చితే వాలు సుమారు 27 డిగ్రీలకు పడిపోతుంది.

ఇంకో పరిశీలన కూడా చేయండి. గోడలతో ఒక తొట్టి గీసి, నీళ్లు నింపి, అందులో ఇసుక పోయండి. నీటి అడుగున ఏర్పడే కుప్ప వాలు, గాలిలోని కుప్ప వాలుతో సమానంగా ఉందా? కొన్ని ఆటల్లో గింజ నీటిలో నిలువుగా మాత్రమే మునుగుతుంది, మూలగా జారడానికి ఖాళీ గడే కావాలి. అలాంటి చోట నీటి అడుగున ఇసుక స్తంభంలా పేరుకుపోతుంది. నియమాలు రాసిన వ్యక్తి ఏది ఆలోచించాడో, ఏది వదిలేశాడో ఇలాంటి చోట్లనే బయటపడుతుంది.

నాలుగవ మెట్టు: చెరువు కట్టడం

ఈ మెట్టుకు తీరిక చేసుకుని కూర్చోండి. ఆటను ఆపి, గోడ పదార్థంతో తెర అడుగున నేల గీయండి. ఎడమ నుంచి కుడికి కొద్దిగా వాలి ఉండాలి. కుడివైపు కట్ట లేపండి. కట్ట అడుగుకు కాస్త పైన రెండు మూడు గళ్ల సందు వదిలితే అది తూము. కట్ట చివర ఒకచోట ఎత్తు తగ్గించితే అది మత్తడి. మత్తడి ఎత్తు కట్ట ఎత్తు కంటే తక్కువ ఉండాలన్నది ఊళ్లో ఎవరినడిగినా చెబుతారు. తెరమీద ఒకసారి రెండింటినీ సమానంగా గీసి నీరు నింపి చూస్తే, కట్ట పొడవునా నీరు పొర్లినప్పుడు ఆ మాట ఎందుకు పుట్టిందో కళ్లారా తెలుస్తుంది. ఆటలో గోడ కొట్టుకుపోదు కాబట్టి నష్టం కనబడదు. నిజమైన మట్టి కట్ట మీద నుంచి నీరు పొర్లితే గండి పడడానికి ఎంతోసేపు పట్టదు.

వాన కోసం చేత్తో నీరు పోస్తూ కూర్చోనక్కర్లేదు. శాండ్‌స్పీల్‌లో క్లోనర్ అనే పదార్థం ఉంది. దాన్ని మొదట తాకిన పదార్థమేదో దాన్నే అది ఆగకుండా పుట్టిస్తూ పోతుంది. తెర పైభాగంలో అక్కడక్కడ క్లోనర్ చుక్కలు పెట్టి ఒక్కో నీటి బొట్టు తాకిస్తే ముసురు పట్టినట్టే. చుక్కల సంఖ్య పెంచితే వాన పెరుగుతుంది. తూము వెడల్పు ఎంతుంటే ఎన్ని చుక్కల వానకు మత్తడి దుంకుతుందో ఒక కాగితం మీద రాసుకోండి. తూమును ఒక గడి వెడల్పు చేసి మళ్లీ చూడండి. రెండు మార్పులు ఒకేసారి చేస్తే ఏది దేనివల్ల జరిగిందో తెలియదు కాబట్టి ఒక పరీక్షకు ఒక్క మార్పే పెట్టుకోండి.

ఇక ఆటకూ నిజమైన చెరువుకూ తేడా కనిపించే చోట్లు చూద్దాం. చెరువులో నీటిమట్టం పెరిగేకొద్దీ తూములో నీరు జోరుగా వస్తుంది. ఘర్షణను పక్కన పెట్టి లెక్కిస్తే, తూము పైన నీటి లోతు 1 మీటరున్నప్పుడు నీరు సెకనుకు సుమారు 4.4 మీటర్ల వేగంతో, 4 మీటర్ల లోతున్నప్పుడు సుమారు 8.9 మీటర్ల వేగంతో చిమ్ముతుంది. లోతు నాలుగు రెట్లయితే వేగం రెండు రెట్లు. ఆటలోని నీటి గడికి తన పక్క గళ్లు తప్ప తన నెత్తిన ఎంత నీరు నిలిచి ఉందో తెలియదు. అందుకే చెరువు నిండా ఉన్నా, సగం ఉన్నా తూము ధార దాదాపు ఒకేలా కారుతుంది. గాలి పీడనాన్ని కూడా లెక్కించే ఆటలున్నాయి కానీ, నీటి పీడనాన్ని సరిగ్గా లెక్కించడం వాటికీ అంత తేలిక కాదు.

ఈ లోపాన్ని ఇంకా స్పష్టంగా పట్టుకోవాలంటే గోడతో ఇంగ్లిష్ యు అక్షరం ఆకారంలో గొట్టం గీసి, ఒక కాలులో నీరు పోయండి. మేస్త్రీలు రెండు గోడల మట్టం చూసుకోవడానికి వాడే నీటి పైపులో రెండు కొనల నీరూ సమానంగా నిలుస్తుంది. సరళమైన ఆటల్లో అలా కాదు: నీరు అడుగు దారి నిండేదాకా అవతలికి పోతుంది, ఆ తర్వాత రెండవ కాలులో పైకి ఎక్కడానికి నియమమే లేదు కనుక పోసిన వైపే పేరుకుంటుంది. మీ ఆటలో రెండు వైపులా మట్టం సమానమైతే, దాన్ని రాసినవారు ఈ విషయంపై ప్రత్యేకంగా శ్రమపడ్డారని అర్థం చేసుకోవాలి.

గోడ తీసేసి, కట్టను ఇసుకతోనే పోసి మళ్లీ నీరు నింపండి. నీరు ఒక్క చుక్క కూడా ఇంకకుండా నిలుస్తుంది, ఎందుకంటే ఇసుక గడిలో ఇసుక తప్ప ఇంకేమీ పట్టదు. నిజానికి ఇసుకలో గింజల మధ్య సందులుంటాయి, వాటిగుండా నీరు ఊరిపోతుంది; మట్టి కట్టల నడుమ బంకమట్టి గట్టిగా దట్టించేది ఆ ఊటను ఆపడానికే. ఊట అనేదే లేని ప్రపంచంలో ఆడుతున్నామని గుర్తుంటే చాలు, ఆట మీద నేరమేమీ మోపనవసరం లేదు.

అయిదవ మెట్టు: మంట

మొక్క, కట్టె పదార్థాలతో అడవి గీసి ఒక మూల నిప్పు పెట్టండి. మంట పాకడం అందరికీ తెలిసిందే. చూడవలసింది అది ఎక్కడ ఆగుతుందన్నది. నల్లమలలో, ముఖ్యంగా అమ్రాబాద్ అడవుల్లో, ఎండాకాలానికి ముందు ఎండుటాకులు తొలగించి, మంట దాటకుండా ఫైర్ లైన్లు అనే ఖాళీ దారులు తీస్తారు. తెరమీద మొక్కల నడుమ ఒక గడి ఖాళీ వదిలి చూడండి, తర్వాత రెండు, మూడు, అయిదు. పక్కకు పాకే మంటను ఆపడానికి చిన్న సందు చాలు కానీ, ఆటలో నిప్పు పైకి ఎగుస్తుంది కాబట్టి, పైన మొక్కలున్న చోట అంతకంటే పెద్ద సందు వదిలినా దాటవచ్చు. గాలి వీచే సాధనం ఉంటే దాన్ని ఒకసారి మంట వెనుక నుంచి, ఒకసారి ఎదురుగా వాడి చూడండి.

ఇంకా లోతుకు పోదలచిన వారికి గళ్ల నోట్‌బుక్ మీద చేసే ఒక పని చెబుతాను. గళ్లను అడ్డదిడ్డంగా చెట్లతో నింపి, మంట పైన, కింద, కుడి, ఎడమ గళ్లకు మాత్రమే పాకుతుందని అనుకోండి. చెట్లున్న గళ్లు సగం మాత్రమే అయితే మంట మధ్యలోనే ఆరిపోతుంది. డెబ్బై శాతం అయితే ఆ కొన నుంచి ఈ కొనకు చేరుతుంది. ఈ మార్పు నెమ్మదిగా రాదు. చాలా పెద్ద గళ్ల పటంలో అది దాదాపు 59 శాతం దగ్గర ఒక్కసారిగా వస్తుంది. చిన్న కాగితం మీద అంత పదునుగా కనిపించకపోయినా, 50, 60, 70 శాతాల మధ్య తేడా మాత్రం దాగదు.

మిగతా పదార్థాలు

వీటిని త్వరగా చూసి వదిలేయవచ్చు. శాండ్‌స్పీల్‌లో లావా నీటిని తాకితే రాయి అవుతుంది. ఆసిడ్ చాలావాటిని తినేస్తుంది కానీ గోడను ఏమీ చేయలేదు. కనుక ఆసిడ్ తొట్టిని గోడతోనే కట్టాలి. నూనె నీటి మీద తేలుతుంది, తేలుతూనే అంటుకుంటుంది. విత్తనం ఇసుకలో మొలకెత్తుతుంది. డస్ట్ అనే రంగుల పొడికి నిప్పు తగిలితే పేలుతుంది. చెరువు కష్టపడి గీసుకున్నాక ఆ పొడి జోలికి పోకండి.

చివరి మెట్టు: సొంతంగా రాసుకోవాలనుకుంటే

కొద్దిగా జావాస్క్రిప్ట్ వచ్చినవారికి ఇది ఒక సాయంత్రం పని. 100 గళ్ల వెడల్పు, 100 గళ్ల ఎత్తుకు సరిపడా 10,000 స్థానాల సంఖ్యల పట్టీని (అర్రే) తీసుకుని, ఖాళీకి 0, ఇసుకకు 1, నీటికి 2, గోడకు 3 అనుకోండి. అడుగు వరుస నుంచి పైకి ఒక్కో గడినీ చూస్తూ, చింతగింజలకు పెట్టిన నియమాన్నే రాయండి. రూపాయి బిళ్ల బదులు యాదృచ్ఛిక సంఖ్య వాడండి. ఒక్కో వరుసలో ఎప్పుడూ ఎడమ నుంచి కుడికే చూస్తే నీరు ఒకవైపుకే ఉరుకుతున్నట్టు కనిపిస్తుంది, కాబట్టి ఒక వంతు ఎడమ నుంచి, మరో వంతు కుడి నుంచి చూడాలి. నీటికి ఇసుక నియమమంతా ఉంచి, మూలలు కూడా నిండి ఉంటే పక్క గడిలోకి పోవచ్చని ఒక్క వాక్యం చేర్చితే సరిపోతుంది. ఇసుక కింద నీరుంటే రెండూ చోట్లు మార్చుకోవాలి. క్యాన్వాస్ మీద ఒక్కో సంఖ్యకు ఒక్కో రంగు వేసి, తెర మారిన ప్రతిసారీ ఈ లెక్కను పిలవండి.

తప్పులు పట్టడానికి మంచి ఉపాయం ఒకటుంది. ప్రతి వంతు తర్వాత ఆ పట్టీ మొత్తంలో ఎన్ని 1లు, ఎన్ని 2లు ఉన్నాయో లెక్కించి తెర మూలన చూపించండి. మీరు కొత్తగా పోయనంతవరకు ఆ సంఖ్యలు మారకూడదు. ఇసుక తగ్గుతోందంటే ఒక గింజ ఉన్న గడి మీదే ఇంకో గింజను రాస్తున్నారన్నమాట. పెరుగుతోందంటే గింజ కదిలాక పాత గడిని ఖాళీ చేయడం మరిచారన్నమాట. ఇసుక సరిగ్గా ఉండి నీరు మాత్రమే తగ్గుతుంటే, ఇసుక నీటిలో మునిగినప్పుడు చోట్లు మార్చుకునే వాక్యాన్ని ముందుగా చూడండి, ఎందుకంటే అక్కడ నీటిని పైగడిలో తిరిగి పెట్టడం మరిచిపోవడం తరచుగా జరిగే పొరపాటు.